ఆర్క్ ఫర్నేస్‌లో అడుగు ఎందుకు చల్లగా ఉంటుంది? నా సిమ్యులేషన్‌లో మాత్రం 2 నిమిషాల్లో అంతా కలిసిపోతోంది

సిమ్యులేషన్_బాధితుడు:

అందరికీ నమస్తే. ఎంటెక్ ప్రాజెక్టు కోసం డీసీ ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్‌లో కరిగిన ఉక్కు ఎలా తిరుగుతుంది, పైన ఆర్క్ (ఎలక్ట్రోడ్ నుంచి ఉక్కుకి దూకే కరెంటు మెరుపు) ఇచ్చే వేడి అడుగు దాకా ఎలా చేరుతుంది అన్నదాని మీద సీఎఫ్‌డీ (ద్రవాల కదలికని కంప్యూటర్‌లో లెక్కకట్టడం) చేస్తున్నాను. 100 టన్నుల బాత్ (కరిగిన ఉక్కు మడుగు), లోతు 1 మీటరు దగ్గర, వెడల్పు ఐదున్నర మీటర్లు, మధ్యలో ఒకటే గ్రాఫైట్ ఎలక్ట్రోడ్, అడుగున యానోడ్. 80 కిలోఆంపియర్లు, 500 వోల్టులు, అంటే 40 మెగావాట్లు. ఆర్క్‌ని విడిగా సాల్వ్ చెయ్యలేదు, చేస్తే ముందు నా ల్యాప్‌టాప్ కరిగిపోయేలా ఉంది. అందుకే ఆర్క్ నుంచి వచ్చే వేడినీ, ప్లాస్మా జెట్ ఉపరితలం మీద పాకుతూ కలిగించే రాపిడినీ బాత్ పైన బౌండరీ కండిషన్లుగా ఇచ్చేశాను. ఫర్నేస్ గుండ్రంగానే ఉంటుంది కదా అని 2డీ యాక్సిసిమెట్రిక్ (చుట్టూ ఒకేలా ఉందనుకుని ఒక్క నిలువు ముక్కనే లెక్కకట్టడం) తీసుకున్నా.

ఇప్పుడు తలనొప్పి ఏంటంటే, జెట్ రాపిడి ఒక్కటే పెట్టి రన్ చేస్తే ఉక్కు పైన మధ్య నుంచి గోడల వైపు పోతుంది, గోడ వెంట దిగి, అడుగున వెనక్కి వచ్చి, ఆర్క్ కింద పైకి లేస్తుంది. లోరెంజ్ బలం (ఉక్కులో పోయే కరెంటు మీద దాని అయస్కాంత క్షేత్రమే వేసే తోపు) కూడా ఆన్ చేస్తే మొత్తం తిరగబడి ఆర్క్ కింద నుంచి నేరుగా అడుగుకి దిగుతోంది. రెండిట్లో ఏది నిజం? ఇంకోటి, ఎటు తిరిగినా సరే 2 నిమిషాల్లో బాత్ అంతా ఒకే టెంపరేచర్‌కి వచ్చేస్తోంది. ఈ ప్లాట్ తీసుకెళ్లి ఒక మెల్ట్ షాప్‌లో చూపిస్తే అక్కడి ఆయన నవ్వి, "ఇంత బాగా కలిసే ఫర్నేస్ ఎక్కడుందో చెప్పు, రేపే వెళ్లి చేరిపోతా" అన్నారు. ఆర్క్ లోపల 10,000 డిగ్రీలు దాటుతుంది, ఉక్కుకి కావలసింది 1,600 చిల్లర. ఇంత తేడా ఉండగా అడుగు చల్లగా ఎలా ఉంటుందో నాకు అర్థం కావట్లేదు. గైడ్‌ని అడిగితే "మెష్ ఇంకా ఫైన్ చెయ్" అంటారు, అంటే లెక్క కోసం బాత్‌ని కోసే గళ్లు ఇంకా చిన్నవి చెయ్యమని. ప్రతిదానికీ అదే మందు.

రెనాల్డ్స్_నంబర్:

మెష్ సంగతి కాసేపు వదిలెయ్యండి. ముందు మీ చివరి ప్రశ్న, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. 10,000 డిగ్రీలు అన్నది టెంపరేచర్. ఎంత వేడి ఏ దారిన లోపలికి పోతుందో ఆ అంకె చెప్పదు. కాగితం మీద చిన్న లెక్క వెయ్యండి. కరిగిన ఉక్కు థర్మల్ కండక్టివిటీ 30, సాంద్రత 7,000, స్పెసిఫిక్ హీట్ 800 అనుకుంటే (అన్నీ ఎస్ఐ యూనిట్లే) థర్మల్ డిఫ్యూజివిటీ (వేడి ఎంత త్వరగా పాకుతుందో చెప్పేది) సెకనుకి 5 చదరపు మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. 1 మీటరు లోతుని వర్గం చేసి దాంతో భాగిస్తే సుమారు 50 గంటలు. అంటే ఉక్కు కదలకుండా కూర్చుంటే పైన వేసిన వేడి అడుగుకి చేరడానికి రెండు రోజులు పడుతుంది. షాప్‌లో ఒక హీట్ (ఒక విడత ఉక్కు) మొత్తం గంట లోపే దింపెయ్యాలి. కాబట్టి అడుగుకి వేడి చేరేది ఉక్కు కదలడం వల్లే, వహనం వల్ల కాదు.

ఆ కదలడం కష్టమేమీ కాదు. ఉక్కు విస్కాసిటీ నీటి కంటే ఆరు రెట్లు, సాంద్రత ఏడు రెట్లు, భాగిస్తే కైనమాటిక్ విస్కాసిటీ మామూలు నీటి కంటే కాస్త తక్కువే. చూడ్డానికి లావాలా ఉన్నా కదలికలో నీళ్లలాగే ఉంటుంది. అందుకే నీటి మోడళ్లతో దాన్ని స్టడీ చేస్తారు. సెకనుకి 20 సెంటీమీటర్ల వేగం ఉన్నా రెనాల్డ్స్ నంబర్ 2 లక్షలు దాటుతుంది, అంటే టర్బులెంట్, సుడులతో కలగాపులగంగా ఉంటుంది.

ఇక ఏ దిక్కు నిజం అంటే, రెండూ నిజమే, రెండూ ఒకే బాత్‌లో కొట్టుకుంటుంటాయి. ప్లాస్మా జెట్ వచ్చి ఉపరితలానికి తగిలి చుట్టూ పరుచుకుంటూ ఉక్కుని గోడల వైపు ఈడుస్తుంది. లోరెంజ్ బలం పని వేరు. ఆర్క్ తగిలిన చిన్న చోటు నుంచి కరెంటు ఉక్కులోకి దిగి విసనకర్రలా విచ్చుకుంటుంది, ఇరుగ్గా ఉన్న చోట తన అయస్కాంత క్షేత్రమే తనని గట్టిగా పిండుతుంది, అడుగుకి పోయేకొద్దీ పిండే బలం తగ్గుతుంది. టూత్‌పేస్టు ట్యూబుని ఒక చివర నొక్కినట్టు ఉక్కు ఇరుకు చోటి నుంచి వెడల్పు వైపుకి, అంటే కిందికి తోసుకుపోతుంది. నిజానికి ఆ ప్లాస్మా జెట్ పుట్టేదీ ఇలాగే, ఎలక్ట్రోడ్ కొన దగ్గర కరెంటు ఇరుగ్గా ఉంటుంది కనుక. రెండూ కరెంటు వర్గంతోనే పెరుగుతాయి కాబట్టి కరెంటు పెంచినంత మాత్రాన ఒకటి రెండోదాన్ని ఓడించదు. ఆర్క్ పొడుగు, అది తగిలే చోటు వెడల్పు, అడుగున యానోడ్ ఆకారం, వీటిని బట్టి ఎవరిది పైచేయో తేలుతుంది. యానోడ్ చిన్న బిళ్లలా ఉంటే కరెంటు అక్కడ మళ్లీ ఇరుగ్గా చేరి, అడుగు నుంచి పైకి తోసే ఇంకో సుడి పుడుతుంది. అడుగంతా కండక్టివ్ అయితే ఆ గొడవ లేదు. మీరు యానోడ్ ఎలా పెట్టారో రాయలేదు.

ఇంకో మాట. బోయన్సీ (వేడిది తేలడం, చల్లది మునగడం) ఆన్ చేశారా?

మెల్టర్_నైట్‌షిఫ్ట్:

తమ్ముడూ, ఆ నవ్విన ఆయన నేను కాదు గానీ నేనున్నా నవ్వేవాణ్ణే. నీ ఫర్నేస్ గుండ్రంగా ఉంది, మాది కాదు. ఈబీటీ (ఉక్కుని అడుగున ఒక పక్క నుంచి బయటికి తీసే ఏర్పాటు) ఉన్న ఫర్నేస్ ఒక వైపు ముక్కులా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, ట్యాపింగ్ రంధ్రం ఆ ముక్కు అడుగున. ఆర్క్‌కి దూరం, మధ్యలో తిరిగే సుడి అక్కడి దాకా రాదు, బకెట్ దింపినప్పుడు బరువైన స్క్రాప్ ముక్క ఒకటి అటు దొర్లిందంటే ఇక అది చివరి దాకా అక్కడే కూర్చుంటుంది. నీ 2డీ బొమ్మలో ఆ మూలే లేదు. లేని మూల చల్లబడ్డం ఎలా కనపడుతుంది?

నేను కొత్తగా చేరిన రోజుల్లో జరిగింది చెప్తా. డిప్ తీశాం. డిప్ అంటే టెంపరేచర్ చూడ్డం, తెలీని వాళ్ల కోసం: పొడవాటి అట్ట గొట్టం, దాని కొసన వేలెడంత కూడా లేని సిలికా గొట్టం యు ఆకారంలో వంచి ఉంటుంది, లోపల ప్లాటినం-రోడియం తీగలు. దాన్ని లాన్స్‌కి తొడిగి, స్లాగ్ డోర్‌లోంచి స్లాగ్‌ని (ఉక్కు పైన తేలే మడ్డిని) చీల్చుకుని ఉక్కులో ఒక అడుగు లోతు ముంచితే స్క్రీన్ మీద గీత సర్రున లేచి నాలుగైదు సెకన్లలో చదునవుతుంది. చదునైతేనే రీడింగ్. గీత ఇంకా పాకుతూనే ఉంటే ఆ నంబర్ పారెయ్యాల్సిందే. ఆ రోజు గీత బల్లలా చదునుగా వచ్చింది, 1,642. ట్యాప్ చేద్దామని గేటు తీస్తే రంధ్రంలో నింపిన ఇసుక రాలింది, ఉక్కు రాలేదు. కింద నుంచి ఆక్సిజన్ పైపు పెట్టి కాల్చి కాల్చి తెరిస్తే అప్పుడొచ్చింది. ల్యాడిల్‌లో (ఉక్కు పట్టే పెద్ద బాల్చీలో) చూస్తే మేం అనుకున్న దానికంటే 35 డిగ్రీలు తక్కువ. మా ఇన్‌చార్జి ముందు ప్రోబ్‌ని తిట్టాడు, తర్వాత నన్ను తిట్టాడు. ప్రోబ్ తప్పేం లేదు, డోర్ దగ్గర ఒక అడుగు లోతున నిజంగానే 1,642 ఉంది. ఈబీటీ మూలలో సగం కరిగిన ముద్ద ఉంది.

సిమ్యులేషన్_బాధితుడు:

మెల్టర్ అన్నా, దండం. ఈబీటీ మాట నిజమే, నేను అసలు ఆలోచించలేదు.

రెనాల్డ్స్ గారూ, యానోడ్ అడుగంతా కండక్టివ్‌గానే పెట్టాను. బోయన్సీ ఆఫ్‌లో ఉంది. నేచురల్ కన్వెక్షన్ వేగాలు లోరెంజ్ ముందు చాలా చిన్నవి అని చదివి, లెక్కకి రాదులే అని తీసేశాను. తప్పా?

రెనాల్డ్స్_నంబర్:

నేను అనుకున్నదే. పొయ్యి మీద గిన్నె పెడితే కింద వేడి, వేడెక్కిన నీళ్లు తేలికై పైకి లేస్తాయి, బోయన్సీ కలిపే పని చేస్తుంది. ఇక్కడ పొయ్యి నెత్తిన ఉంది. వేడెక్కిన ఉక్కు తేలికై పైనే తేలుతుంది, చల్లగా బరువుగా ఉన్నది అడుగున పడుకుంటుంది, దాన్ని కదిలించాలంటే ఎవరో బలంగా తొయ్యాలి. అంటే ఫర్నేస్‌లో బోయన్సీ ఇంజిను కాదు, బ్రేకు. మీరు బ్రేకులు తీసేసి బండి ఎంత బాగా పోతోందో అంటున్నారు.

బ్రేకు ఎంత గట్టిదో చూడ్డానికి రిచర్డ్‌సన్ నంబర్ (బోయన్సీ బలానికీ ప్రవాహం తోపుకీ నిష్పత్తి) చాలు. 50 డిగ్రీల తేడాకి ఉక్కు సాంద్రత సుమారు 0.6 శాతం మారుతుంది. చిన్నదే అనిపిస్తుంది. 1 మీటరు లోతు, సెకనుకి 10 సెంటీమీటర్ల వేగం పెట్టి లెక్కేస్తే రిచర్డ్‌సన్ నంబర్ 6 దగ్గరికి వస్తుంది, అంటే పైనున్న వేడి పొర కిందికి దిగకుండా పక్కకే జారిపోతుంది. అదే వేగం 30 సెంటీమీటర్లైతే 0.65 దగ్గర, బ్రేకు పట్టు వదిలేస్తుంది, కలుస్తుంది. వేగం మూడు రెట్లైతే నంబర్ తొమ్మిదో వంతుకి పడుతుంది మరి. కాబట్టి బాత్‌లో ఒకే జవాబు ఉండదు. ఆర్క్ కింద వేగం ఎక్కువ, అక్కడ బాగా కలుస్తుంది, దూరం పోయేకొద్దీ పొరలు కడుతుంది. మీ కె-ఎప్సిలాన్ మోడల్‌లో (టర్బులెన్స్‌ని లెక్కకట్టే పద్ధతిలో) కూడా బోయన్సీ టర్మ్ ఉందో లేదో చూసుకోండి, పొరలు కట్టిన చోట టర్బులెన్స్ కూడా చచ్చిపోవాలి. చాలా సాఫ్ట్‌వేర్లలో అది వేరే టిక్కు.

అలాగని అసలు కలవదు అని కాదు. 40 మెగావాట్లలో 30 బాత్‌లోకి పోతున్నాయనుకుందాం, 100 టన్నులూ కలిసి వేడెక్కితే నిమిషానికి 22 డిగ్రీలు పెరగాలి. పైన 20 సెంటీమీటర్ల పొర ఒక్కటే వేడెక్కుతుంటే నిమిషానికి 110. అలా పెరిగితే మూడో నిమిషానికి డిప్ స్క్రీన్ అదిరిపోయేది, ఏ షాప్‌లోనూ అలా జరగదు. నిజం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంది, మీ పని అది ఎక్కడో పట్టుకోవడం.

స్లాగ్_మనిషి:

అందరూ కరెంటు, జెట్ అంటున్నారు గానీ బాత్‌ని నిజంగా కలిపేది కార్బన్ బాయిల్, అంటే ఊదిన ఆక్సిజన్‌తో ఉక్కులోని కార్బన్ గ్యాసై పొంగడం. ఎవరూ ఆ ఊసే ఎత్తరేం? టన్ను ఉక్కులోంచి 0.1 శాతం కార్బన్ తీస్తే అది 1 కిలో. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ 0 డిగ్రీల దగ్గర దాదాపు 1.9 ఘనపు మీటర్లు, 1,600 డిగ్రీల దగ్గర దాదాపు 13. మీ 100 టన్నులకి దాదాపు 1,300 ఘనపు మీటర్ల గ్యాస్. బాత్ ఘనపరిమాణమే 14 ఘనపు మీటర్లు. అంటే బాత్‌కి తొంభై రెట్లు గ్యాస్ ఆ ఉక్కులోంచి బుడగలై లేస్తుంది. దీని ముందు మీ లోరెంజ్ ఎంత?

రెండోది, వేడి బౌండరీ. ఆర్క్ బట్టబయలుగా ఉంటే దాని వేడిలో పెద్ద వాటా రేడియేషన్, అది గోడకీ పైకప్పుకీ పోతుంది. స్లాగ్ నురగ కట్టి ఆర్క్‌ని ముంచేస్తే ఆ రేడియేషన్‌ని నురగే మింగి బాత్‌కి ఇస్తుంది. షాప్‌లో నిలబడితే ఇది చెవికే తెలుస్తుంది. నురగ లేనప్పుడు కంకర యంత్రంలా గోల, నురగ లేచి ఎలక్ట్రోడ్ చుట్టూ ఎక్కగానే శబ్దం మెత్తబడి గుయ్యిమనే మోతలోకి దిగుతుంది, గోడ ప్యానెళ్ల నీళ్ల టెంపరేచర్ కూడా తగ్గుతుంది. మీ ఆర్క్ 45 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, సెంటీమీటరుకి ఇంచుమించు 10 వోల్టుల లెక్కన. నురగ కనీసం అంతకు మించి లేవాలి. మీరు వేడంతా ఆర్క్ కింద చిన్న వృత్తంలో పోసినట్టున్నారు. నురగ ఉంటే అందులో కొంత వెడల్పుగా పరుచుకుంటుంది.

రెనాల్డ్స్_నంబర్:

బాయిల్ విషయంలో ఒప్పుకుంటా, అది నడుస్తున్నంతసేపు మిగతావన్నీ పక్కకి తప్పుకోవాల్సిందే. కానీ కార్బన్ అయిపోయి ఆక్సిజన్ ఆపేశాక, ట్యాపింగ్‌కి ముందు టెంపరేచర్ కోసం పవర్ మాత్రం ఇస్తూ కూర్చునే ఆ కొద్ది నిమిషాలు ఉంటాయి చూడండి, పొరలు కట్టేది అప్పుడే. పైన వేడి పోస్తున్నాం, కలిపేవాడు వెళ్లిపోయాడు. మెల్టర్ గారి 1,642 కూడా ఇలాంటి సమయంలోనే వచ్చి ఉంటుందని నా అనుమానం.

మెల్టర్_నైట్‌షిఫ్ట్:

అనుమానం కాదు, అదే. ఆ హీట్‌లో ఆక్సిజన్ లాన్స్ మొరాయిస్తే ముందే ఆపేశాం. అందుకే ఇప్పుడు అడుగున పోరస్ ప్లగ్గులు (గ్యాస్ వదిలే సన్న రంధ్రాల ఇటుకలు) పెట్టి ఆర్గాన్ వదులుతాం. బాయిల్ ఉన్నప్పుడు దాంతో పెద్ద తేడా కనపడదు, బాయిల్ ఆగాక కనపడుతుంది. ఇంకోటి రాసుకో తమ్ముడూ, చల్లటి స్క్రాప్ ముక్క ఉక్కులో మునగ్గానే కరగదు. ముందు దాని చుట్టూ ఉక్కే గడ్డకట్టి ముక్క లావెక్కుతుంది, తర్వాత ఆ తొడుగు కరిగి, ఆ తర్వాతే అసలు ముక్క కరగడం మొదలవుతుంది. చుట్టూ ఉక్కు కదలకపోతే ఆ తొడుగు చాలాసేపు వదలదు.

ఊరికే_చదివేవాణ్ణి:

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి, నాది ఎలక్ట్రికల్. డీసీలో ప్లస్ మైనస్ మార్చేస్తే లోరెంజ్ సుడి తిరగబడుతుందా? మరి ఏసీ ఫర్నేస్‌లో సెకనుకి 50 సార్లు మారుతుంటే ఉక్కు ఎటూ పోకుండా అక్కడే వణుకుతుందా?

రెనాల్డ్స్_నంబర్:

తిరగబడదు. కరెంటు దిశ మారితే దాని అయస్కాంత క్షేత్రం దిశ కూడా మారుతుంది, రెండు మైనస్‌లు గుణిస్తే ప్లస్. బలం అటే ఉంటుంది. అందుకే ఏసీలో కూడా వణకదు, సగటున ఒకవైపే తోస్తుంది. కాకపోతే ఏసీలో రెండు ఇబ్బందులు. అందులో మూడు ఎలక్ట్రోడ్లు, కరెంటు ఒక ఎలక్ట్రోడ్ నుంచి ఉక్కులోకి దిగి పక్క ఎలక్ట్రోడ్ దారిన పైకి పోతుంది, అడుగు దాకా పోవాల్సిన పనే లేదు. పైగా 50 హెర్ట్జ్ దగ్గర కరిగిన ఉక్కులో స్కిన్ డెప్త్ (మారే కరెంటు లోపలికి దిగే లోతు) ఎనిమిదిన్నర సెంటీమీటర్ల దగ్గర, అంటే కలిపే బలం పైపైనే ఉంటుంది. మూడు ఆర్క్‌లూ ఒకదాన్నొకటి బయటికి నెట్టుకుని గోడల వైపు వంగుతాయి కూడా, ప్రతి ఎలక్ట్రోడ్ ఎదురుగా గోడ మీద హాట్ స్పాట్ వచ్చేది అందుకే.

ఇదే లెక్క తిప్పి వాడేవాళ్లూ ఉన్నారు. ఫర్నేస్ కింద విద్యుదయస్కాంత స్టిరర్ పెట్టేటప్పుడు ఫ్రీక్వెన్సీ 1 హెర్ట్జ్ చుట్టుపక్కలకి దించేస్తారు. అర హెర్ట్జ్ అంటే 50లో వందో వంతు, స్కిన్ డెప్త్ పది రెట్లవుతుంది, 85 సెంటీమీటర్లు, బాత్ మొత్తాన్ని పట్టుకోవచ్చు. మధ్యలో మామూలు ఉక్కు షెల్ ఉంటే క్షేత్రాన్ని అదే మింగేస్తుంది కాబట్టి ఆ అడుగుకి అయస్కాంతానికి అంటుకోని స్టెయిన్‌లెస్ వేస్తారు.

ప్రశ్న అడిగినాయనకి: మీ దాంట్లో మాగ్నెటిక్ రెనాల్డ్స్ నంబర్ 0.2 దగ్గరే వస్తుంది, కాబట్టి ఉక్కు కదలిక క్షేత్రాన్ని పెద్దగా మార్చదు. లోరెంజ్ బలాన్ని ఒక్కసారి లెక్కకట్టి ఫ్రీజ్ చేసేసి ఫ్లో రన్ చెయ్యొచ్చు. ల్యాప్‌టాప్ బతుకుతుంది. ఆర్క్ థ్రస్ట్ కూడా చూసుకోండి, 80 కిలోఆంపియర్లకి తక్కువలో తక్కువ 320 న్యూటన్లు వస్తుంది, 32 కిలోల బరువు నొక్కినట్టు. ఆర్క్ కింద నాలుగున్నర లీటర్ల పైనే గుంట పడుతుంది. మీ ఉపరితలం చదును అన్నది అక్కడ తప్పే గానీ ఇప్పుడే దాని జోలికి వెళ్లకండి.

సిమ్యులేషన్_బాధితుడు:

వారం తర్వాత వస్తున్నా, సారీ. 3డీ చేశాను, ముతక మెష్ (గైడ్‌కి చెప్పలేదు). ఈబీటీ ముక్కు పెట్టాను, బోయన్సీ ఆన్, టర్బులెన్స్‌లో ఆ టిక్కు కూడా పెట్టాను, లోరెంజ్ ఫ్రీజ్ చేశాను, వేడిని వెడల్పుగా పరిచాను. బాయిల్ లేదు, గ్యాస్ లేదు, ట్యాపింగ్ ముందు చివరి నిమిషాలు అన్నట్టుగా.

ఆర్క్ కింద ఉక్కు ఇప్పటికీ కిందికే దిగుతోంది, రెండు మీటర్ల వ్యాసం లోపల బాగానే కలుస్తోంది. దాని బయట మాత్రం జెట్ ఈడ్చిన వేడి పొర గోడ దాకా పైపైనే పోయి అక్కడే ఆగిపోతోంది. 2 నిమిషాల్లో కలవడం అన్న మాటే లేదు. అన్న చెప్పినట్టు డోర్ పక్కన ఒక అడుగు లోతున ఒక పాయింట్ పెట్టి చూస్తే 1,634. అదే సమయంలో ఈబీటీ అడుగున 1,591. ఎంతసేపు చూసినా ఆ ముక్కులో వేగం సెకనుకి 2 సెంటీమీటర్లు దాటలేదు.

మెల్టర్_నైట్‌షిఫ్ట్:

43 డిగ్రీలా. మాకు తిట్లు పడ్డ రోజు కంటే ఎక్కువే. ఇందులో స్క్రాప్ ముద్ద కూడా లేదు కదా, అది పెడితే ఇంకా దిగుతుంది. ఇప్పుడు ముక్కు దగ్గర అడుగున ఒక ప్లగ్గు పెట్టి ఆర్గాన్ వదిలి చూడు, ఎన్ని సెకన్లలో ఆ తేడా 10కి వస్తుందో నాకు చెప్పు. మా దగ్గర గ్యాస్ వదిలాక మళ్లీ డిప్ తియ్యడానికి ఎంతసేపు ఆగాలన్న దాని మీద షిఫ్టుకో మాట ఉంది.

సిమ్యులేషన్_బాధితుడు:

రాత్రికి రన్ పెట్టేస్తా అన్నా. ప్లగ్గు ఈబీటీ రంధ్రానికి ఎంత దూరంలో ఉంటుందో చెప్పండి చాలు.